బొమ్మ చేతి మరక

పెంచలయ్యకు మనసులో ఒకటే బాధ. ఖాదర్‌వలీ దగ్గర చేరి మూడేళ్ళయింది. ఇంతవరకూ ఆయన ఒక్క బొమ్మనైనా పూర్తిగా తన చేతికి వదల్లేదు.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక గొడుగుల కొట్టు పైన ఖాదర్‌వలీ గది. పాత ప్లాస్టిక్ బొమ్మలు శుభ్రం చెయ్యడం ఆయన పని. అదీ ఒక పనేనా అని నవ్వేవాళ్ళు నవ్వుతారు గానీ, నలభై యాభై ఏళ్ళ కిందటి బొమ్మల్ని ప్రాణంగా దాచుకునేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు. కీ ఇస్తే నడిచే ఏనుగులు, కళ్ళు మూసి తెరిచే పాపలు, చక్రం ఊడిన బస్సులు, ఎవరో కొరికి పెట్టిన బాతులు. వయసులో ఉన్నప్పుడు మద్రాసులో ఒక బొమ్మల ఫ్యాక్టరీలో అచ్చుల దగ్గర పనిచేశాడట. ప్లాస్టిక్కు ఎక్కడ మెత్తనో, ఎక్కడ పెళుసో వేలితో తడిమి చెప్పేస్తాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు.

పెంచలయ్య కెమిస్ట్రీ చదివినవాడు. పని ఇట్టే పట్టేశాడు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, చెయ్యి పెడితే వేడి తెలియకూడదు. అందులో చిన్నపిల్లల షాంపూ ఒక్క చుక్క. రుద్దేది మెత్తటి కుంచెతో. థిన్నరూ, గోళ్ళరంగు తుడిచే మందూ ఆ గది గడప దాటి లోపలికి రాకూడదు, అవి ప్లాస్టిక్కును తినేస్తాయి. కళ్ళు ఆడే బొమ్మకు ముందు కళ్ళ సందుల్లో దూది కూరాలి, లేకపోతే తలలోకి నీళ్ళు దిగి లోపలి తీగ తుప్పు పడుతుంది. ఏ మందైనా మొదట బొమ్మ అరికాలి కింద కనపడనిచోట పూసి ఒక పూటంతా చూడాలి. ఆరబెట్టడం నీడలో. ఇవన్నీ అతనికి మొదటి ఏడాదిలోనే వచ్చేశాయి. చెయ్యి కూడా మంచిది. ఆ సంగతి మిగతావాళ్ళకంటే అతనికే ఎక్కువ తెలుసు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

ఉస్తాద్ పద్ధతిలో పెంచలయ్యకు బొత్తిగా గిట్టనిది ఒకటుంది. బొమ్మ తెచ్చిన మనిషిని ఆయన ముక్కాలిపీట మీద కూర్చోబెడతాడు. తను ఎదురుగా నేలమీద చాప వేసుకుని కూర్చుంటాడు. బొమ్మను చేతిలోకి తీసుకుని, దాని మీదున్న గీతా, గాటూ, మచ్చా ఒక్కొక్కటే వేలితో చూపించి, ఇదేంది, ఇది ఉండాలా, పోవాలా అని అడుగుతాడు. ఒక కాగితం మీద బొమ్మ ఆకారం గీసి, ఉండాల్సినవన్నీ ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాడు. ఆ కాగితం లేకుండా నీళ్ళ బేసిను ముందుకు రాదు.

అడిగితే వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఒక గీత గురించి అడిగితే వాళ్ళ అన్న గురించి చెబుతారు. అన్న దగ్గర్నుంచి ఎప్పుడో అమ్మేసిన ఇంటి దగ్గరికి పోతారు. ఒకాయనైతే బస్సు బొమ్మకు పగిలిన అద్దం దగ్గర మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఏడ్చాడు. ఉస్తాద్ కదలకుండా కూర్చుని విన్నాడు. ఆ టైములో మూడు బస్సులు కడిగెయ్యొచ్చునే అని పెంచలయ్య లోలోపల పళ్ళు కొరుక్కున్నాడు.

ఆ రోజే, ఆ మనిషి మెట్లు దిగి వెళ్ళాక, ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, నాకింకా ఏం రాలేదు?"

ఖాదర్‌వలీ అతని ముఖంలోకి చూశాడు. పక్కనున్న పాతగుడ్డ తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఆ పీట తుడువు" అన్నాడు.

పెంచలయ్య ముఖం మాడిపోయింది. డిగ్రీ చదివి, మూడేళ్ళు చాకిరీ చేసి, నోరు తెరిచి అడిగితే దొరికిన జవాబు అది. విసురుగా రెండుసార్లు గుడ్డ ఆడించి పీటను గోడకు నెట్టేశాడు. ఉస్తాద్ అంతా చూశాడు.

తర్వాత పది రోజులకు ఖాదర్‌వలీ కసుమూరు దర్గాలో గంధం ఉత్సవానికి బయల్దేరాడు. మళ్ళీ గురువారం దాకా రాడు. చెప్పులు వేసుకుంటూ ఒక్క మాట చెప్పాడు, ఎవరైనా వస్తే కూర్చోబెట్టమని. ఆయన అటు వెళ్ళగానే పెంచలయ్యకు గదంతా ఒక్కసారి పెద్దదైనట్టు అనిపించింది.

ఆ మర్నాడే కోవూరు నుంచి సుభాషిణి వచ్చింది. ముప్ఫై అయిదు దాటిన మనిషి. చేతిసంచిలో తువ్వాలు, తువ్వాల్లో బొమ్మ. కళ్ళు మూసి తెరిచే పాప. ఆ బొమ్మను చూడగానే పెంచలయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆ అచ్చు ఇప్పుడు ఎక్కడా దొరకదు. దాన్ని చేసిన ఫ్యాక్టరీ ఎన్నడో మూతపడింది. పెన్నా పొంగి ఇంట్లోకి నీళ్ళు వచ్చినప్పుడు బీరువా అడుగున నాని, జుట్టునిండా బురద పట్టి, ముక్కిన వాసన కొడుతోంది. కుడిచేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా చిందినట్టు నీలం ఇంకు. పైపెచ్చు ఆ ఇంకు ప్లాస్టిక్కులోకి ఇంకిపోయింది. పాతబొమ్మల పనిలో దాన్ని మించిన గడ్డు మరక లేదు.

ఆమె ఎవరూ చెప్పకుండానే పీట మీద కూర్చుంది. ఇది మొదట తన బొమ్మేననీ, తర్వాత తన కూతురికిచ్చాననీ మొదలుపెట్టింది. పెంచలయ్య చూపంతా ఆ చేతి మీదే ఉంది. ఇదిగో, కథ మొదలైందనుకున్నాడు. ఆమె చేతిలోంచి బొమ్మను మర్యాదగానే అందుకున్నాడు.

"మీరేం చెప్పక్కర్లేదక్కా. చూస్తే తెలిసిపోతుంది" అన్నాడు.

ఆ మాటకు ఆమె ముఖం తేటపడింది. పనిమీద ఇంత పట్టున్నవాడి చేతిలో పెట్టానని ధైర్యం వచ్చినట్టుంది పాపం. శుక్రవారం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

పెంచలయ్య ఆ నాలుగు రోజులూ తిండి కూడా సరిగ్గా తినలేదు. కళ్ళ సందుల్లో దూది పెట్టి, మడత మడతకూ కుంచె పోనిచ్చి, బురదంతా ఒక పూటలో వదిలించాడు. జుట్టును పాయలు పాయలుగా విడదీసి కడిగాడు. ఇంకు మాత్రం దేనికీ లొంగలేదు. అప్పుడు ఫోనులో ఎప్పుడో చూసింది గుర్తొచ్చింది. మందుల షాపులో మొటిమలకు పూసుకునే క్రీము తెచ్చాడు. ముందు అరికాలి కింద పూసి పూటంతా చూశాడు. రంగు చెడలేదు. చేతికి మందంగా పట్టించి, పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఒళ్ళంతా గుడ్డ కప్పి, ఒక్క చెయ్యి మాత్రం ఎండకు కనపడేట్టు మిద్దె మీద పెట్టాడు. గంటకోసారి మెట్లెక్కి చూశాడు. మొదటిరోజు నీలం కాస్త వెలిసింది. రెండోరోజు లేతబూడిదరంగులోకి దిగింది. మూడోరోజు మధ్యాహ్నానికి చెయ్యి అప్పుడే అచ్చులోంచి తీసినట్టయింది. పెంచలయ్య ఆ ఎండలో నిలబడి ఒక్కడే నవ్వుకున్నాడు.

గురువారం సాయంత్రం ఉస్తాద్ వచ్చాడు. కసుమూరు నుంచి తెచ్చిన బూందీ పొట్లం విప్పకముందే పెంచలయ్య బొమ్మను ఆయన ముందు పెట్టాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని నెమ్మదిగా చూశాడు. కళ్ళు ఆడించాడు. భుజాల కీళ్ళు తిప్పాడు. మెడ దగ్గర వాసన చూశాడు. అరికాలు చూశాడు. చేతిని కిటికీ వెలుతుర్లోకి తిప్పాడు.

"పనిలో తప్పు లేదు" అన్నాడు.

మూడేళ్ళలో పెంచలయ్య ఆ మాట వినడం అదే మొదలు.

"కాగితం ఏదీ?" అని అడిగాడు ఉస్తాద్.

ఈ బొమ్మకు ఆ అవసరం రాలేదనీ, ఉన్నదంతా మట్టేననీ, చేతిమీద ఒక్క ఇంకు మరక తప్ప ఇంకేమీ లేదనీ పెంచలయ్య చెప్పాడు. ఉస్తాద్ కళ్ళద్దాలు తీసేశాడు. బొమ్మను అరలో పెట్టి, బూందీ పొట్లం అతనికిచ్చి, గోడకు చేరగిలబడ్డాడు. ముసలాయనకు ఓర్వలేనితనం పట్టుకుందనుకుని పెంచలయ్య బూందీ అంతా తినేశాడు.

శుక్రవారం పొద్దున పది గంటలకు సుభాషిణి వచ్చింది. ఉస్తాద్‌కు దణ్ణం పెట్టి పీట మీద కూర్చుంది. పెంచలయ్య బొమ్మను తెల్లగుడ్డలో పెట్టి రెండు చేతులతో అందించాడు.

ఆమె గుడ్డ విప్పి చూసి మెచ్చుకోలుగా నవ్వింది. బొమ్మను అటూ ఇటూ తిప్పింది. మళ్ళీ గుడ్డ కప్పి అతనికే తిరిగిచ్చింది.

"బాగుండాది నాయనా. ఇది ఇంకెవరిదో. మాది ఇవ్వు."

"మీదే అక్కా."

"కాదు. మాదాని చేతికి చుక్కలుండాయి" అంది. "మా పాప పెట్టినవి. మద్రాసు ఆస్పత్రిలో దానికి సూది వేసినప్పుడల్లా నర్సమ్మ కాడ పెన్ను అడిగి తీసుకుని బొమ్మక్కూడా ఒక సూది వేసేది. నాకు నొప్పిపుడితే దానికీ పుట్టాల గదమ్మా అనేది. ఇంట్లో కడిగితే యాడ చెరిగిపోతాయోనని భయమేసి, నేను ముట్టుకోకుండా మీకాడికి తెచ్చినా."

పాప లేదని ఆమె వేరే చెప్పనక్కర్లేకపోయింది. నిజం పెంచలయ్య నాలుక దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"వేరేదాంతో కలిసిపోయినట్టుందక్కా. చూస్తాను" అన్నాడు.

అన్నాక తన మాట తనకే వినపడింది. ఉస్తాద్ వైపు చూసే ధైర్యం చాల్లేదు. ఉస్తాద్ మాత్రం లేచాడు. పంచె ఎగదోపుకుని, మూల నుంచి చెక్కనిచ్చెన లాక్కొచ్చి అరలకు ఆనించాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు వంగవు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కి, పై అరలోని అట్టపెట్టె దించి, మూత తీసి, లోపలి బొమ్మను ఆమెకు చూపించాడు.

"ఇదేనా అమ్మా?"

"కాదు బాయ్."

మళ్ళీ ఎక్కాడు. ఇంకో పెట్టె దించాడు. పాప బొమ్మలన్నీ అయ్యాయి. తర్వాత పైన ఏం రాసుందో చూడకుండా పెట్టెలన్నీ విప్పడం మొదలుపెట్టాడు. ఏనుగుల కింద చూశాడు. బస్సుల వెనక చూశాడు. ఆయన వెతకడంలో నటన లేదు. పోయినదాన్ని వెతికే మనిషి ఎలా వెతుకుతాడో అలాగే వెతికాడు. సుభాషిణి కూడా పీట మీదినుంచి లేచి కింది అరలు చూడసాగింది. దొరుకుతుందిలే బాయ్, కంగారుపడొద్దండి అని ఆయనకే ధైర్యం చెప్పింది. పెంచలయ్య కూడా ఒక పెట్టె తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. తెరిచిన పెట్టెనే మళ్ళీ తెరుస్తున్నాడు.

పదకొండు దాటింది. పన్నెండు దాటింది. ఉస్తాద్ చొక్కా వీపంతా తడిసిపోయింది. ఇదేనా అమ్మా అని ఆయన అడగడం, కాదని ఆమె చెప్పడం తప్ప గదిలో ఇంకో మాట లేదు.

అంతలో మసీదు నుంచి అజాన్ వినిపించింది. శుక్రవారం నమాజు. ఈ మూడేళ్ళలో ఉస్తాద్ దాన్ని మానడం పెంచలయ్య ఎరగడు. జ్వరమొచ్చిన వారం కూడా గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళాడు. ఇప్పుడు నిచ్చెన మీద నిలబడి, కాళ్ళు వణుకుతుంటే, ఇంకో పెట్టెకు చెయ్యి చాపుతున్నాడు.

"ఉస్తాద్, నమాజుకు టైమయింది" అన్నాడు పెంచలయ్య.

"బొమ్మ దొరకలేదు గదా" అన్నాడు ఉస్తాద్, వెనక్కి తిరక్కుండానే.

పెంచలయ్య నిచ్చెన పట్టుకున్నాడు. ఆ పెట్టె దించనివ్వలేదు. తర్వాత వచ్చి సుభాషిణి ముందు నేలమీద కూలబడ్డాడు.

"వెతకొద్దక్కా. ఇదే మీది. చుక్కలు నేనే తీసేశాను."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తెల్లగుడ్డలోంచి బొమ్మను తీసి చేతిని చూసింది. వేలితో తడిమింది.

"తుడిస్తే పోయినాయా?" అని అడిగింది.

"పోలేదు. మందు పూసి మూడు రోజులు ఎండలో పెట్టాను."

అంత కష్టపడి తీశానని తన నోటితోనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆమె తిడుతుందని తల వంచుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె తిట్టలేదు. ఏదో ఒకటి చెయ్యాలి, ఏదో ఒకటి అనాలి. బల్ల మీది పెన్ను అందుకున్నాడు. మళ్ళీ పెడతానక్కా అన్నాడు, అదే రంగుతో, అదేచోట, మోచేతి నుంచి మణికట్టు దాకా, తేడా తెలియకుండా పెడతానన్నాడు.

"ఎన్ని పెడతావు?" అంది ఆమె.

పెంచలయ్య చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది.

"నేనెప్పుడూ లెక్కబెట్టలేదు" అందామె. గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతోంది. "యాడికి పోతాయిలే, ఎప్పుడైనా లెక్కబెట్టుకోవచ్చులే అనుకున్నా. నువ్వు మూడు రోజులు దగ్గర పెట్టుకుని చూసినావు గదా నాయనా. ఎన్నుండాయి?"

అతనికి తెలియదు. గంటకోసారి మెట్లెక్కి చూశాడు. మొదట ఏ రంగులో ఉందో చెప్పగలడు, ఏ పూటకు ఎంత వెలిసిందో చెప్పగలడు. ఎన్ని ఉన్నాయో చెప్పలేడు. అతను చూసింది ఒక్క మరకనే. ఆ పిల్ల అన్నిసార్లు చెయ్యి చాపి, అన్నిసార్లు పెన్ను అడిగి పెట్టుకున్న లెక్క ఈ లోకంలో ఒక్కచోటే ఉండేది. ఇప్పుడు ఎక్కడా లేదు. ఏ మందూ దాన్ని వెనక్కి తేలేదు.

ఆమె ఉస్తాద్ వైపు చూసింది. ఆయన నిచ్చెన దిగి గోడ పక్కన నిలబడి ఉన్నాడు. తల వంచుకున్నాడు.

సుభాషిణి చాలాసేపు బొమ్మ చేతిని బొటనవేలితో పైనుంచి కిందికి, పైనుంచి కిందికి నిమిరింది. తర్వాత దాన్ని బల్ల మీద పడుకోబెట్టింది. బొమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని లేచింది.

"మాది దొరికితే కబురుపెట్టండి బాయ్" అని ఉస్తాద్‌తో చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మతి చెడి అన్న మాట కాదది. అన్నీ తెలిసే అంది. ఆమె అడుగుల చప్పుడు వీధిలో కలిసిపోయింది. పెంచలయ్యకు ఏడుపు కూడా రాలేదు. లేచి చేతులు కడుక్కున్నాడు. కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాడు. మేకుకు తగిలించిన తన అన్నం కేరేజి తీసుకున్నాడు.

"నేను ఈ పనికి తగను ఉస్తాద్. వెళ్ళిపోతాను."

పీటకు వెనక గోడకున్న చిన్న అరలో షాంపూ సీసాలూ కుంచెలూ ఉంటాయి. నేలమీద చాపేసుకుని కూర్చున్నవాడి కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది ఆ అర. ఉస్తాద్ దానిలోవన్నీ తీసేసి, బల్ల మీది బొమ్మను తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడు. కుడిచెయ్యి ముందుకు తిప్పాడు.

మెట్ల మీద మళ్ళీ చప్పుడైంది. బట్టతల మనిషి ఒకాయన గడపలో నిలబడి ఆయాసపడుతున్నాడు. బొమ్మలు కడిగేది ఇక్కడేనా అని అడిగాడు. చేతిలోని కవరులోంచి పసుపుపచ్చ బాతు తల బయటికి కనిపిస్తోంది.

ఉస్తాద్ పాతగుడ్డ తీసి పెంచలయ్య చేతిలో పెట్టాడు.

"పీట తుడువు" అన్నాడు. మసీదులో తప్పిపోయిన నమాజుకు బదులు ఇక్కడే ఒక్కడుగా నమాజు చదువుకోవడానికి టోపీ సర్దుకుని, మూలకెళ్ళి, గోడవైపు తిరిగాడు.

పెంచలయ్య కేరేజి కింద పెట్టాడు. పీట మీద దుమ్మేమీ లేదు. అయినా తుడిచాడు, నెమ్మదిగా, పైనా, అంచులూ, మూడు కాళ్ళూ. ఆ మనిషిని కూర్చోమన్నాడు. తను చాప పరిచి ఎదురుగా కూర్చున్నాడు. తలెత్తితే ఆయన భుజం మీదుగా అరలో బొమ్మ చెయ్యి కనిపిస్తోంది, తెల్లగా, శుభ్రంగా.

బాతును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ముక్కు నిండా చిన్న చిన్న పంటిగాట్లు. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. మధ్యలో చూపు చెదిరి లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. కాగితం మీద ఎర్ర పెన్సిలుతో రాసుకున్నాడు.

"ఇవి పద్నాలుగున్నాయి. ఎవరివండీ?" అని అడిగాడు.